ముందు అమ్మనడుగు

సంక్రాంతికి పది రోజుల ముందు మాట. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఓ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కొబ్బరి మట్టల పొగ. లోపల ఇంటావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని పని చేసుకుంటోంది. పల్చటి గుడ్డని పిండినీళ్లలో ముంచుతోంది, కుండ వీపు మీద పరిచి లాగేస్తోంది, రెప్పపాటులో తెల్లటి పొర లేస్తోంది, దాన్ని చేత్తో ఒలిచి పక్కన పెడుతోంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర వదిలేశాను. నా లెక్క ఆవిడ చేతిని అందుకోలేకపోయింది.

ఆవిడ కొడుకు డిగ్రీ ఆఖరి ఏడాది. గడపలో కూర్చుని ఫోనులో పోస్టరు చేస్తున్నాడు. ఏఐ యాప్‌లో ‘సంప్రదాయ పూతరేకులు, పండగ వాతావరణం’ అని కొడితే నాలుగు బొమ్మలొచ్చాయి. అందులో తనకు నచ్చినదాన్ని అమ్మకి చూపించాడు. బంగారు పళ్లెం, చుట్టూ చామంతులు, వెనక గుడి గోపురం. పళ్లెంలో ఎర్రగా వేగిన చుట్టలు, వాటి మీద ఓ పుదీనా ఆకు. కింద పెద్ద అక్షరాల్లో ‘పూతరెకులే’ అని ఉంది. ఒక అక్షరం దీర్ఘం ఊడి ఇంకో అక్షరం నెత్తినెక్కింది.

ఆవిడ కుండ మీంచి చూపు తిప్పి ఒక్కసారి చూసింది. “ఎవరివిరా ఇవి?” అంది. మళ్లీ గుడ్డ ముంచింది.

చెల్లీ, తమ్ముడూ, నీతో మాట్లాడాలనిపించింది ఆ క్షణాన్నే. ఆ కుర్రాడు బద్ధకస్తుడు కాడు. అమ్మ కష్టం నలుగురికీ తెలియాలనే కూర్చున్నాడు. చేతిలో ఉన్న పనిముట్టు కూడా మామూలుది కాదు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చినప్పటి నుంచి, నిన్నటిదాకా పెద్ద కంపెనీలు ఏజెన్సీలకు లక్షలు పోసి చేయించుకున్న పనిలో సగం నీ జేబులోకి వచ్చేసింది. ప్రకటన రాయడం, బొమ్మ గీయడం, నాలుగు భాషల్లోకి మార్చడం, కొనేవాడి ప్రశ్నకి జవాబు చెప్పడం, లెక్కలు తిరగేసి ఏ నెలలో ఏది పోతుందో చెప్పడం. ఇన్ని చేయగల యంత్రం ముందు కూర్చుని వాడు తన ఇంటి రేకుని కాస్తా ఎక్కడిదో స్ప్రింగ్‌రోల్‌ని చేసి పెట్టుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందంటావు?

యంత్రం లోకంలో కనబడిన బొమ్మలన్నీ, రాతలన్నీ నమిలి తయారైంది. ఎక్కువగా ఏది చూసిందో అదే తిరిగి పోస్తుంది. చుట్టిన తినుబండారం అంటే దాని కంటికి ఎక్కువగా పడింది నూనెలో వేగిన చుట్టలే. మనం 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల మందికి పైగా తెలుగు మా తల్లిభాష అని రాయించుకున్నాం కానీ, ఇంటర్నెట్‌లో మన రాత ఇంగ్లిషు పక్కన పిడికెడు. అందులో ఆత్రేయపురం వాటా ఎంత, మీ వీధి వాటా ఎంత? మీ కొట్టు యంత్రానికి తెలియదు. తెలియకపోయినా తెలిసినట్టే, తడుముకోకుండా చెబుతుంది. అదీ దానితో ఉన్న చిక్కు.

తెలిసిన మనిషి అక్కడే, ఆరడుగుల దూరంలో, పొగలో కూర్చుని ఉంది. ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

నీకు చింతకింది మల్లేశం కథ తెలిసే ఉంటుంది. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగింది. వాళ్లది పోచంపల్లి తరహా చీరలు నేసే ఇల్లు. నేతకి ముందు ఆసు పోయాలి. అంటే, అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ నూలుపోగుని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ వరసగా పేర్చాలి. ఒక్కో చీరకి చేయి దాదాపు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. ఆ పని వాళ్లమ్మ లక్ష్మి చేసేది. రాత్రి అయ్యేసరికి భుజం పట్టేసేది, మోచెయ్యి లేచేది కాదు. కొడుకు దగ్గర ఇంజినీరింగు డిగ్రీ లేదు, డబ్బు లేదు. ఏళ్ల తరబడి చెక్కలూ మోటార్లూ పెట్టి తంటాలు పడ్డాడు. 1999లో యంత్రం తిరిగింది. గంటన్నరలో ఆసు. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథ చెప్పి అందరూ పట్టుదల గురించి మాట్లాడతారు. నిజమే. నేను ఇంకోటి చూస్తాను. అమ్మ చెయ్యి ఏ మేకు దగ్గర వంగుతుందో, పోగు ఎక్కడ తెగుతుందో, నొప్పి ఏ కీలులో మొదలవుతుందో ఆయనకి ముందే తెలుసు. తెలిశాకే యంత్రం పుట్టింది. ఆసు ఎరగని ఇంజినీరుకి ఆ పని అంత తేలిగ్గా చేతికి వచ్చేది కాదు.

నీకైతే యంత్రం తయారుగా వచ్చేసింది. ఇక మిగిలింది, చెయ్యి ఎక్కడ వంగుతుందో చూడటం. చూశావా?

సరే, ఆ పూతరేకుల ఇంటికే మళ్లీ వద్దాం. పోస్టరు పక్కన పెట్టమన్నాను. కుర్రాడు మొదట చిన్నబుచ్చుకున్నాడు. వాళ్లమ్మ మధ్యాహ్నం కుండ దించాక అరుగు మీద కూర్చుంటే ఫోనులో రికార్డింగు పెట్టి, మాటల్లో దింపాం. మార్కెటింగు అనే మాట ఎత్తలేదు. “పిన్నీ, రేకు చెడిపోయిందని ఎట్లా తెలుస్తుంది?” అని అడిగాను, అంతే. పదకొండు నిమిషాలు మాట్లాడింది. బియ్యం కొత్తవైతే రేకు ఎందుకు సరిగ్గా రాదో చెప్పింది. మంట ఎక్కువైతే పొర మాడుతుంది, తగ్గితే కుండకే అంటుకుంటుంది. వానాకాలం గాలి తగిలితే రేకు మెత్తబడి పనికిరాదు, అందుకని డబ్బా మూత గట్టిగా ఉండాలి. పొడి రేకుని చుట్టాలంటే తడిగుడ్డతో ఒక్కసారి అద్దాలి, రెండోసారి అద్దితే ముద్దయిపోతుంది. పంచదారవి పిల్లలకీ, బెల్లంవి పెద్దవాళ్లకీ ఎక్కువ పోతాయట. “పెళ్లివాళ్లు చెప్పిన రోజుకి ఇవ్వకపోతే వాళ్ల మాట పోతుంది, వాళ్ల మాట పోతే నా మాట పోతుంది” అంది. చివర్లో, ఎవరూ అడక్కుండానే, ఈ కుండ మా అత్తగారి చేతి మీదుగా నాకొచ్చిందని చెప్పింది.

ఆ పదకొండు నిమిషాలే ఆ కొట్టు ఆస్తి. దాన్ని తయారుచేయడం ఏ యంత్రం వల్లా కాదు. కానీ దాన్ని రాతలో పెట్టడం, నాలుగు మాటల్లోకి కుదించడం, ఇంకో భాషలోకి తీసుకెళ్లడం యంత్రం చకచకా చేసేస్తుంది. తెలుగు మాటని వినిపిస్తే అక్షరాల్లో పెట్టే సాధనాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ప్రభుత్వం 2022 జులైలో మొదలుపెట్టిన ‘భాషిణి’ ఉన్నదే మన భాషల కోసం. యాసకి ఈ సాధనాలు అక్కడక్కడ తడబడతాయి. నువ్వు దిద్దుకో. ఆ దిద్దుడులోనే అమ్మ మాట రెండోసారి వింటావు.

మొదట ఆ కుర్రాడు అడిగితే యంత్రం ఇచ్చింది ఇది: “ఈ సంక్రాంతికి మా నాణ్యమైన, రుచికరమైన పూతరేకులతో మీ పండుగను మరింత ప్రత్యేకంగా మార్చుకోండి! సంప్రదాయ రుచులు, ఆధునిక ప్యాకింగ్! నేడే ఆర్డర్ చేయండి!” వెనక మూడు టపాసుల బొమ్మలు. ఈ వాక్యంలో పూతరేకులు తీసేసి పరుపులు పెట్టు, పెయింటు డబ్బాలు పెట్టు, ఎక్కడా తేడా రాదు. ఏ సరుకుకైనా సరిపోయే మాట నీ సరుకుని అమ్మదు. పైగా ఆ పూట అదే వీధిలో ఇంకో పాతికమంది అదే యంత్రాన్ని అదే అడిగి, అదే తెచ్చుకుని స్టేటస్‌లో పెట్టుకుంటారు. పాతిక కొట్లకీ ఒకే గొంతు.

రెండోసారి ఇలా అడిగాం. వాడి ఫోనులోంచి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నీకు పనికొస్తుంది: “కింద మా అమ్మ చెప్పిన మాటలున్నాయి. ఇందులో లేని సంగతి ఒక్కటి కూడా చేర్చకు. వాట్సాప్‌కి నాలుగు వాక్యాలు రాయి. మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఉండాలి. నాణ్యమైన, ప్రత్యేకమైన, అద్భుతమైన, రుచికరమైన అనే మాటలు వాడొద్దు. చదివేవాళ్లు కాకినాడ, హైదరాబాదుల్లో ఉంటున్న మా వైపువాళ్లు, వాళ్లకి రేకంటే తెలుసు. ఎన్ని పెట్టెలున్నాయో, ఎప్పటిలోగా చెప్పాలో తేలిగ్గా కనబడాలి. ఐదు రకాలుగా రాసి చూపించు.”

ఐదింట్లో మూడు పనికిరానివి. ఒకటి పర్వాలేదు. ఇంకోదాన్ని తల్లీకొడుకులు కలిసి దిద్దుకున్నారు. చివరికి ఇలా వెళ్లింది: “రేపు తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ కుండ ఎక్కిస్తోంది. పండక్కి బెల్లం రేకులు నలభై పెట్టెలే కట్టగలం, అంతకుమించి మా చేతులు సాగవు. కావలసినవాళ్లు ఈ రాత్రి తొమ్మిదిలోగా చెప్పండి. అందగానే డబ్బా మూత గట్టిగా పెట్టండి, గాలి తగిలితే రేకు మెత్తబడుతుంది.” టపాసులు లేవు. ఆఖరి వాక్యం చూడు. అమ్మేవాడు అమ్మేశాక కూడా సరుకు గురించి పట్టించుకుంటున్నాడని కొనేవాడికి తెలిసిపోతుంది. ఆ వాక్యం పదకొండు నిమిషాల్లోంచి వచ్చింది.

యంత్రం ‘రేకులు తయారు చేస్తాం’ అని రాసింది. దిద్దేటప్పుడు ఆవిడ ఆపింది. “తయారు చేయడమేంట్రా? రేకు తీస్తాం. తీసి, కడతాం.” ఆ ఒక్క క్రియ కోసం నేను కోర్సులన్నీ వదులుకుంటాను.

కోర్సులంటే గుర్తొచ్చింది. డిజిటల్ మార్కెటింగు నేర్పిస్తామని హైదరాబాదు అమీర్‌పేట గోడల నిండా కాగితాలుంటాయి. వెళ్లొద్దని చెప్పను, పనిముట్లు నేర్చుకోవడం మంచిదే. కానీ కోర్సు అయ్యాక ఎవరో ముక్కూమొహం తెలియని కంపెనీకి ‘కంటెంట్’ రాసే ఉద్యోగం కోసం రెండు వందల దరఖాస్తులు పంపే ముందు, మీ నాన్న కొట్టుకి గూగుల్ మ్యాప్స్‌లో పేరుందా చూడు. ఉంటే, టైము సరిగ్గా ఉందా? ఆదివారం తెరిచి ఉంటుందా లేదా? ఫొటోలో షట్టరు మూసిన బొమ్మేనా? ఆరు నెలల కింద ఒకాయన ‘ఫోన్ ఎత్తలేదు’ అని రాసిపోతే ఎవరైనా జవాబిచ్చారా? నువ్వు ఊరు దాటి వెతుక్కుంటున్న పని మీ షట్టరు కింద నుంచే మొదలవుతుంది. నీ మొదటి క్లయింటు రోజూ నీకు అన్నం పెడుతోంది.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. మా అక్క ఒక ఆన్‌లైన్ పేజీలో చీర చూసి కట్టింది డబ్బు. బొమ్మలో అమ్మాయి మెరిసిపోతోంది, చీర ఇంకా మెరిసిపోతోంది. వచ్చింది వేరే చీర. రంగూ వేరే, అంచూ వేరే. పేజీ వాళ్లు ఫోనెత్తలేదు. తర్వాత ఆ బొమ్మని నేను దగ్గరగా పెట్టుకుని చూశాను. ఎడమ అంచు మీద హంసలు, కుడి అంచు మీదకొచ్చేసరికి ఆకులైపోయాయి. కుచ్చిళ్లలో ఓ పోగు మొదలై ఎక్కడికీ పోకుండా మాయమైంది. ఏ మగ్గం మీదా అలాంటి చీర దిగదు. అసలు ఆ చీర ఎక్కడా లేదు. లేని చీరని అమ్మారు.

దాని దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా? ఆ పేజీకి కాదు, వాళ్లు ఇంకో పేరుతో ఇంకో పేజీ తెరుచుకుంటారు. మా అక్క ఇప్పుడు ఫోనులో ఏ చీర చూసినా నమ్మదు. మంగళగిరిలో, వెంకటగిరిలో, గద్వాలలో నిజంగా నేసి, నిజంగా ఫొటో తీసి పెట్టినవాడిని కూడా నమ్మదు. ఒక దొంగ బొమ్మ నిజమైన మగ్గానికి గిరాకీ తగ్గించేసింది.

కాబట్టి సరుకు బొమ్మ మాత్రం ఫోనుతోనే తియ్యి. కిటికీ పక్కన, పొద్దున ఎనిమిదింటి వెలుతురులో, తెల్లటి పంచె పరిచి. అప్పుడు యంత్రాన్ని వాడు. వెనక ఉన్న గ్యాసు సిలిండరుని తీసేయమను, వెలుతురు సరిచేయమను, అక్షరాలు ఎక్కడ పెడితే బాగుంటుందో అడుగు. సరుకు రంగుని మాత్రం ముట్టుకోనివ్వకు. తెలుగు అక్షరాలని బొమ్మలోనే గీయమని చెప్పకు. విడిగా మంచి ఫాంటుతో నువ్వే అతికించు. ఒత్తులూ గుణింతాలూ దానికి ఒక్కోసారి తిన్నగా కుదరవని ఆ ‘పూతరెకులే’ చూశాక నీకు నేను వేరే చెప్పాలా?

దొంగ రివ్యూల జోలికీ వెళ్లకు. యంత్రం నిమిషంలో యాభై రాసిస్తుంది, యాభై గొంతులతో రాసిస్తుంది. చదివేవాడికి మూడోదానికల్లా వాసన వస్తుంది. తినుబండారాలైతే ఇంకో గోతి ఉంది. ‘మా బెల్లం రేకులు తింటే షుగరు రాదు’, ‘మా చిరుధాన్యాల లడ్డూ బీపీ తగ్గిస్తుంది’ లాంటి వాక్యాలు యంత్రం అడక్కుండానే వడ్డిస్తుంది. అలాంటివి పెట్టకు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. యంత్రం రాసిందండీ అంటే వినరు. పేరు నీది, పెట్టె మీద ఉన్న, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరూ నీదే. ఆ నంబరు ఇంకా తీసుకోలేదా? అయితే పోస్టరు తర్వాత, ముందు ఆ పని చూడు.

ఇక ఇవన్నీ బాగా చేశావనుకో. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఈ సంగతి ఏ కోర్సూ చెప్పదు.

రీల్ ఒకటి బాగా తిరిగింది, రాత్రికి రాత్రి మూడు వందల పెట్టెలు అడిగారు. అమ్మకి చేతులు రెండే. కుండ ఒకటే. కాదనలేక ఒప్పుకుంటే పక్కింటి నుంచి, ఆ పక్కింటి నుంచి తెచ్చి కట్టాలి. రేకు మందం మారుతుంది, నెయ్యి మారుతుంది. నిద్రలేక అమ్మ మంచాన పడుతుంది. ఆ కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ రారు, రాకపోగా నలుగురికి చెబుతారు. గిరాకీ పెంచడం గొప్ప పనేం కాదు తమ్ముడూ, యంత్రం చేతిలో ఉన్నవాడెవడైనా పెంచగలడు. ఇంట్లో చేతులెన్నో చూసుకుని దానికి తగ్గట్టు గిరాకీని మలచాలి. పైన ‘నలభై పెట్టెలే’ అన్న మాట అందుకే పెట్టాం. అది కొనేవాణ్ని తొందరపెట్టడానికి వేసిన ఎత్తు కాదు, ఆ ఇంట్లో పడే లెక్క. ఆ తల్లి ఒక పూటలో ఎన్ని రేకులు తీస్తుందో, పెట్టెకి ఎన్ని పడతాయో, ఇద్దరు చుట్టేవాళ్లు గంటకి ఎన్ని చుట్టగలరో కాగితం మీద వేసుకుని, యంత్రం చేత ఒకసారి, చేత్తో ఒకసారి కూడించుకుని తేల్చిన అంకె. యంత్రాన్ని ఇలాంటివి అడుగు: సంక్రాంతికి నాలుగు రోజుల్లో పడే గిరాకీని పది రోజులకి ఎట్లా పరచాలి? ముందే డబ్బు కట్టినవాళ్లకి ఏం ఇస్తే బాగుంటుంది? నెయ్యి ధర పెరిగింది, పెట్టె మీద పదిహేను రూపాయలు పెంచాలి, పాత కొనుగోలుదారుల మనసు నొచ్చుకోకుండా ఎట్లా చెప్పాలి? ధర పెంచడం గురించి రాయడానికి మనకి సిగ్గు. అక్కడ అది నిజంగా ఒక చెయ్యి వేస్తుంది.

కొట్లో పాత ఖాతా పుస్తకం ఉందా? ఎర్ర అట్ట, పొడుగ్గా ఉంటుంది. దాని పేజీలు ఫొటో తీసి, ఏ నెలలో ఏది ఎంత పోయిందో పట్టిక వేయమని అడుగు. నాన్న చేతిరాతలో ఏడుకీ ఒకటికీ తేడా తెలియక కొన్ని తప్పు చదువుతుంది, సరిచూసుకో. ఒక్కటి మాత్రం మరచిపోకు. కొనేవాళ్ల పేర్లూ ఫోను నంబర్లూ ఉన్నచోట చెయ్యి అడ్డం పెట్టి ఫొటో తియ్యి. వాళ్లు ఆ నంబరు మీ నాన్నకి ఇచ్చారు, ఎక్కడో ఉన్న సర్వరుకి ఇవ్వలేదు. 2023లో దీనికోసమే ఒక చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా అది మర్యాద.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది చూశావా, ఒక జాబితాలో 256 మంది పడతారు. మామూలు వాట్సాప్‌లో ఆ సందేశం ఎవరికి చేరుతుందో గమనించావా? నీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే. ఈ నిబంధన నాకు భలే నచ్చింది. అంటే అవతలివాడు ఒకప్పుడు మీ కొట్టుకి వచ్చి, ‘ఆత్రేయపురం రేకులావిడ’ అనో, ‘జాకెట్ల భాస్కరమ్మ’ అనో పేరు రాసి దాచుకుని ఉండాలి. ఆ పేరుతో ఫోనులో ఉన్నావంటే వాళ్లింట్లో నీకో పీట వేసినట్టే. ఆ పీట మీద కూర్చుని రోజుకి నాలుగుసార్లు గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితే మర్యాదగా లేపి పంపించేస్తారు. నెలకి రెండు మాటలు చాలు.

ఎప్పుడు పంపాలో కూడా ఆలోచించు. డాలస్‌లో రాత్రి ఎనిమిదింటికి భోజనాలయ్యాక మనవాళ్లు ఫోను పట్టుకుంటారు. అప్పుడు మనకి మర్నాడు పొద్దున ఆరున్నర, చలికాలమైతే ఏడున్నర. జూన్‌లో, డిసెంబరులో పిల్లల సెలవులకి ఊరొచ్చేవాళ్లు తిరుగు ప్రయాణం పెట్టెల్లో ఏం సర్దుకోవాలో వారం ముందు నుంచే లెక్కలేస్తుంటారు. ఆ వారం నీది.

ఇదంతా కొత్త విద్య అనుకోకు. కాశీనాథుని నాగేశ్వరరావు కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి బయల్దేరి బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టాడు. పసుపుపచ్చ మందు ఎవరికీ తెలియదు. ఆయన సంగీత సభలకి వెళ్లి ఊరికే పంచిపెట్టాడు. ఎక్కడ పంచాలో ఎంచుకున్న తీరు చూడు. (కచేరీ అర్ధరాత్రి దాకా సాగితే ఎవరి తల నొప్పెట్టదు? ఇది నా ఊహ, నాగేశ్వరరావు గారి మీద పెట్టకు.) ఆ తర్వాత ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. ఆయన దగ్గర నీ ఫోను లేదు. సరుకు తెలుసు, అది కావలసిన మనిషి ఏ సాయంత్రం ఎక్కడ కూర్చుంటాడో తెలుసు.

ఆత్రేయపురం రేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరు ముందు ఆర్థర్ కాటన్ పేరుంటుంది. మిఠాయికీ ఇంజినీరు దొరకీ ఏం సంబంధం? 1852లో ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి, వరి పండింది. ఆ బియ్యమే కుండ మీద రేకైంది. పుదీనా ఆకు పెట్టిన బొమ్మకి బదులు, ఆ కాలవగట్టు మీద నిలబడి అమ్మ చేత్తో ఒక రేకుని ఎండకి ఎత్తి పట్టించి తీసిన పదిహేను సెకన్ల వీడియో ఊహించుకో. రేకు అవతల కాలవ నీళ్లు కనబడతాయి, అంత పల్చన. దానికి నాలుగు మాటలు యంత్రం చేత రాయించు, హిందీలోకి మార్పించు. పంపేముందు హిందీ వచ్చిన స్నేహితుడికి ఒకసారి చూపించు.

మీది పూతరేకుల ఇల్లు కాకపోవచ్చు. కడియం నర్సరీ కావచ్చు. అక్కడి మొక్కలు లారీలెక్కి రాష్ట్రాలు దాటి వెళ్తాయి. దిగినచోట ఎన్నాళ్లకోసారి నీళ్లు పోయాలో, ఎండలో పెట్టాలో నీడలో పెట్టాలో చెప్పే చీటీ కొన్నవాడి భాషలో ఉంటే మొక్క బతుకుతుంది. బతికిన మొక్కే వచ్చే ఏడాది నీకు ఆర్డరు తెస్తుంది. ఆ చీటీ ఒడియాలో, కన్నడంలో రాయించడం ఇప్పుడు ఒక పూట పని. ఏటికొప్పాక లక్కబొమ్మల ఇల్లు కావచ్చు, అంకుడు కర్ర ఏమిటో, రంగు ఏ గింజ లోంచి వచ్చిందో పిల్లల తల్లులకి చెప్పుకోవాలి. టైలరింగు కొట్టు కావచ్చు. మీ అమ్మ కొలత తీసుకోకుండా పాత జాకెట్టు చూసి కుట్టగలదా? ఆ సంగతి బోర్డు మీద ఎందుకు లేదు? టిఫిన్ బండి కావచ్చు, నాన్న పల్లీ చట్నీలో వేసేదేంటో చెప్పనక్కర్లేదు కానీ, పిండి ఏ వేళకి రుబ్బుతాడో చెప్పొచ్చు కదా!

ఇంగ్లిషు రాదని వెనకాడకు. నీ తెలుగులో అడుగు, నీ యాసలో అడుగు. యంత్రం తప్పు చేస్తే దిద్దు, మళ్లీ అడుగు. దాని ముందు మొహమాటం అక్కర్లేదు, వందసార్లు అడిగినా విసుక్కోదు. అది గొప్పగా రాసినప్పుడు మాత్రం అనుమానించు. చదివి వినిపిస్తే అమ్మ నవ్విందా, ఆ వాక్యం కొట్టెయ్. అమ్మ తలూపిందా, ఉంచు. “అట్లా కాదురా” అని ఆగిందా, చేతిలో పనాపేసి విను. నీకు కావలసింది దొరకబోతోంది.

ఊళ్లో ఉద్యోగాల్లేవనీ, ఇంట్లో వ్యాపారం ఎదగదనీ నీకు ఎవరో చెప్పి ఉంటారు. వాళ్లు చెప్పిన కాలానికి అది నిజమేనేమో. ఒక కుండ, ఒక మగ్గం, ఒక కుట్టుమిషను తెలిసిన మనిషి పక్కన, ఇలాంటి యంత్రం తెలిసిన మనిషి అదే అరుగు మీద కూర్చునే రోజు అప్పటికి రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆ రెండో మనిషివి నువ్వే. ఇంకెవరి కోసమో చూడకు.

పొద్దు వాలుతోంది. కొట్లో బేరాలు పల్చబడే వేళ. లైటు వేసి, గల్లాపెట్టె ముందు అమ్మో నాన్నో చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆ స్టూలు మీద సంచి దించి నువ్వు కూర్చో. ఫోను బల్ల మీద పెట్టు. “ఇది చెడిపోయిందని నీకెట్లా తెలుస్తుంది?” అని అడుగు. రికార్డు నొక్కు.